మోరీ ఎవరి జాగల

బస్వమ్మ ఇంటి వెనక జాగాలో ఆ రాయి పాతిన పూట ఆమె ఇంట్లో లేదు. రేషన్ బియ్యం తెచ్చుకుని వచ్చేసరికి, గడ్డి నడుమ మోకాలెత్తు రాయి ఒకటి తలకు సున్నం పూసుకుని నిలబడి ఉంది.

"ఎవలు పెట్టిన్రిది?" అని గోడ మీదుగా అడిగింది.

అవతల ఉమ్రావ్ బేగం తడి బట్టలు దులిపి ఆరేస్తోంది. "మోరీ సారోళ్లు వచ్చిన్రక్కా. గిరీశ్ సారు. నువ్వు లేవని చెప్పిన. మళ్లొస్తనన్నడు."

"చాయ్ తాగి పోయిండా?"

"తాగిండు. ఎండల పడి వచ్చిన మనిషికి చాయ్ పొయ్యొద్దా?"

బస్వమ్మ బియ్యం సంచి లోపల పెట్టింది. కానీ ఆ చాయ్ ఆమె మనసులో ఉండిపోయింది.

వాన పడితే పై బస్తీల నీళ్లన్నీ ఆ రెండిళ్ల నడుమ ఉన్న సందులోంచే దిగుతాయి. ఇద్దరి ఇళ్లలోకీ వస్తాయి. ఒక విదేశీ బ్యాంకు జహీరాబాద్‌కు మురుగు మోరీలు కట్టించడానికి డబ్బిస్తోందని, ఈ సందులోంచి పెద్ద మోరీ పోతుందని ఎండాకాలం నుంచి చెప్పుకుంటున్నారు. చౌరస్తాలో బోర్డు కూడా పెట్టారు. దాని మీద జహీరాబాద్ అని రాసి ఉంది గానీ, బొమ్మలోని చెట్లూ మనుషులూ ఇక్కడివి కావు. సందు ఇరుకు. మోరీ పట్టాలంటే అటో ఇటో జరగాలి. అటు జరిగితే ఉమ్రావ్ బేగం వంటిల్లు, దాన్ని ఆనుకుని ఆమె కోడలు కుట్టుమిషన్ పెట్టుకున్న అర్ర పోతాయి. ఇటు జరిగితే బస్వమ్మ జాగా పోతుంది. మొన్నటిదాకా మోరీ గీత అటే పోతుందన్నారు. ఇప్పుడు రాయి ఇటు వచ్చింది.

ఆ సాయంత్రం మరిది చెన్నబసప్ప వచ్చి రాయి చుట్టూ తిరిగాడు.

"పరాయి దేశపోడు మన మోరీ కట్టుడేంది వదినె? ఆళ్ల ఊర్ల మోరీలన్నీ కట్టుడయిపోయిందా?"

"నాకేం తెలుసు."

"జాగా మనమే ఇష్టంగ ఇయ్యాల్నట. బలవంతం చేసినట్టు తెలిస్తే బ్యాంకోళ్లు పైసలాపుతరట."

"మన ఇష్టం గూడ వాళ్లే చెప్పి పంపిస్తున్నరన్నట్టు," అంది బస్వమ్మ.

ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు. బ్యాంకు పుట్ట దూరానిది. పక్కింటిది దగ్గరిది. ఆమె దగ్గరి పుట్టనే చూస్తూ ఉండిపోయింది.

జాగా పోతుందన్నది ఒక్కటే కాదు ఆమె బాధ. ఈ మధ్యే చనిపోయిన ఆమె భర్త మహాదేవప్పను ఆ జాగాలోనే, తూర్పు గోడ మూలన కూర్చోబెట్టారు. వాళ్ల లింగాయతుల్లో కాల్చడం ఉండదు. చేతిలో లింగం పెట్టి, విభూతి నింపి, కూర్చోబెట్టి మట్టి ఇస్తారు. ఏడాది నిండితే గానీ రాయి పెట్టరు. మొన్నటి వానలకు మట్టి దిగి, గడ్డి కమ్మి, ఆ మూల మిగతా నేలలాగే అయిపోయింది. బస్వమ్మ ఎప్పుడైనా పోయి కాసేపు నిలబడి వస్తుంది. ఎవరితోనూ ఏమీ చెప్పదు. రాయి దగ్గర నుంచి మోరీ తవ్వితే ఆ మూలకు తగలదు. కానీ ఊరి మురుగంతా ఆయన పక్కనుంచి పారుతుంది. ఆ మాట తలుచుకుంటే ఆమెకు అన్నం దిగడం లేదు.

సోమవారం కోహీర్ నుంచి మహాదేవప్ప మేనత్త కోడళ్లు వచ్చారు. మట్టి రోజు అందుకోలేకపోయారు కనుక ఇప్పుడు పత్రి, విభూతి తెచ్చుకున్నారు. బస్వమ్మ పొయ్యి దగ్గర ఉండగా వాళ్లే వెనక్కి పోయారు. ఆమె వచ్చి చూసేసరికి సర్వే రాయికి మూడు విభూతి పట్టెలు, తల మీద మారేడాకులు ఉన్నాయి. వాళ్లు చేతులు జోడించి ఉన్నారు.

"ఏడాది నిండకముందే రాయి పెట్టిచ్చినవా బస్వా? పోనీతియ్, మంచిదే," అంది పెద్దామె కళ్లు తుడుచుకుంటూ.

ఏడుస్తున్న మనిషికి అది మోరీ రాయి అని ఎట్లా చెప్పడం? బస్వమ్మ పోయి విస్తళ్లు వేసింది. వాళ్లు భోంచేసి బస్సెక్కారు.

తర్వాత వచ్చిన గిరీశ్ విభూతిని చూసి అక్కడే ఆగిపోయాడు. మోరీల లెక్క చూసే హైదరాబాద్ కంపెనీ తరఫు మనిషి అతను. బూట్లు విప్పేశాడు.

"అమ్మా, ముందే చెప్పకపోతిరి. సమాధి మీదనే రాయి పాతిచ్చిన. సమాధులు, గుళ్లు ఉంటే బ్యాంకోళ్లు గీత మార్చమంటరు. తప్పయింది."

బస్వమ్మ తూర్పు మూల వైపు చూసింది.

"అవతలికి జరుపుతమమ్మా. మీరు ఫికర్ చెయ్యకుర్రి."

అతను పోయాక చెన్నబసప్ప నవ్వాడు. "ఉత్త రాయి గూడ మనకు పనికొచ్చె వదినె. ఇగ నువ్వు ఊకో." ఆమె ఊరుకుంది. అబద్ధం చెప్పలేదు కదా అనుకుంది. అయినా ఆ రోజు నుంచి గోడ వైపు చూడటం మానేసింది. ఉమ్రావ్ బేగం కూడా పలకడం మానేసింది. విభూతి కావాలనే పూయించిందని అవతల అనుకుంటున్నారని చెన్నబసప్ప చెప్పాడు. అనుకోనీ, చాయ్ పోసి గీతను ఇటు తిప్పింది ఆమె కాదా అనుకుంది బస్వమ్మ. అట్లా అనుకుంటే కొంచెం తేలికగా ఉంది.

బ్యాంకు వాళ్లు వచ్చారు. టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన, ఆయన మాట తెలుగులో చెప్పే అక్షత, వెనక గిరీశ్. జాగాలు పోయేవాళ్లతో మాట్లాడటం అక్షత పని. సందులో జనం పోగయ్యారు. ముందు ఉమ్రావ్ బేగంను అడిగింది.

"గీత ఇటు వస్తే మీ వంటిల్లు పోతుందమ్మా. మీకిది ఇష్టమేనా?"

"సమాధి ఉన్నదంటున్నరు గద. దాని మీదికెల్లి మోరీ పోతదా? ఇగ నేనేమనాలె."

"సమాధి ఎక్కడుందో మీకు తెలుసా?"

ఉమ్రావ్ బేగంకు తెలుసు. మట్టి రోజున తన బోరు నీళ్లు బిందెలతో మోసుకొచ్చి ఆ మూలనే దించింది ఆమె. ఇప్పుడు ఒక్క మాట అంటే వంటిల్లు దక్కుతుంది. ఆమె బస్వమ్మ వైపు చూసింది.

"పోయింది వాళ్లింటి మనిషి, వాళ్ల మయ్యత్. వాళ్లనడుగుర్రి."

ఇదేం ఎత్తు అనుకుంది బస్వమ్మ. నా నోటితోనే చెప్పించాలనా? అప్పుడు గోడ మీదుగా అటు చూసింది. సిలిండరు, గిన్నెలు, కుట్టుమిషను అప్పటికే వాకిట్లో రేకు కింద సర్ది ఉన్నాయి. ఎత్తు వేసే మనిషి ముందే ఇల్లు ఖాళీ చేసుకోదు.

బస్వమ్మ కదిలింది.

"వదినె," అన్నాడు చెన్నబసప్ప మెల్లగా. "ఊకోమన్న గద."

ఆమె రాయిని దాటి తూర్పు మూలకు నడిచి, గడ్డిలో నిలబడింది.

"రాయి మీది. దాని మీద బూడిద మా చుట్టాలది, తెల్వక పెట్టిన్రు. ఆయన ఈడున్నడు."

అక్షత దగ్గరికి వచ్చింది. "అయితే మోరీ రాయి దగ్గర నుంచే పోవచ్చు. సమాధికి తగలదు. మీ ఇష్టంతోనే ఇస్తున్నారని రాసుకోనా?"

"ఇస్త. ఇష్టమని రాయకు."

"ఇష్టం లేదంటే పని ఆగిపోతుందమ్మా."

"వానొస్తే ఇద్దరి ఇండ్లల్లకు నీళ్లొస్తున్నయి. మోరీ కావాలె. మూత లేని మోరీ ఆయన పక్కపొంటి పారితే నాకిష్టం కాదు. మూత వేస్తనంటే ఇస్త. గదే రాసుకో."

అక్షత గిరీశ్ వైపు తిరిగింది. అతను గొంతు సవరించుకున్నాడు. "మూతలు రెండో విడతల ఉన్నయి మేడం."

"వానను గూడ రెండో విడతల రమ్మను సారూ," అన్నాడు చెన్నబసప్ప. జనం నవ్వారు.

అక్షత తెల్లాయనతో చాలాసేపు మాట్లాడింది. తాను చెప్పింది చిటికెడు మాట, అది ఇంత పొడుగెట్లా అయిందని బస్వమ్మ అనుమానంగా చూసింది. ఆయన టోపీ తీసి, మూల వైపు చూసి, తల ఊపాడు.

"ఈ సందులో మోరీతో పాటే మూతలు వేయిస్తామంటున్నారు."

"తల ఊపిండు. ఊపుడు మాట కాదు గద బిడ్డా."

అక్షత కలం తీసింది. "కాదమ్మా. అది కూడా రాస్తాను."

తవ్వే యంత్రం వచ్చిన పొద్దున బస్వమ్మ ఆ మూలన ఒక్కతే కూర్చుంది. కాసేపటికి గోడ మీదుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ దిగింది. చుట్టూ తిరిగి ఉమ్రావ్ బేగం వచ్చింది.

"కింద కూసుంటే దుమ్ము పడతది. పైన కూసో."

"మరి నీకు?"

"నేను నిలబడి చూస్త. ఆ డ్రైవరుకు చూపు తక్కువున్నట్టుంది."

యంత్రం రాయిని పీకి పక్కన పడేసి, సందు వెంట మట్టి ఎత్తడం మొదలుపెట్టింది. ఇద్దరూ దాని పంటి మీద నుంచి కన్ను తీయలేదు.

"మూతలు వేస్తరంటవా అక్కా?"

"ఏమో."

"నాకైతే నమ్మకం లేదు."

"నాకూ లేదు," అంది బస్వమ్మ. "రేపు గూడ రా."