చంద్రయ్య ఫ్లెక్సీ

మా అక్క కూతురు ప్రత్యూష హైదరాబాద్‌లో పీజీ చదువుతోంది. ఊరి పనుల్లో జనాన్ని కదిలించాలంటే పోస్టర్లూ వీడియోలూ ఎట్లా తయారుచేయాలో నేర్పే చదువట. నేను బడిలో డ్రాయింగ్ మాస్టర్ని, ఏళ్ల తరబడి పిల్లల చేత మామిడికాయలు గీయించినవాణ్ని. ఆ చదువేమిటో అర్థం కాలేదని చెప్పడం నామోషీ కాబట్టి "మంచిదే" అన్నాను. ఆ ఒక్క మాటకు అది ఆఖరి ప్రాజెక్టు పేరుతో మిర్యాలగూడ వచ్చి మా ఇంట్లోనే మకాం వేసింది.

ప్రాజెక్టు మా వీధి గురించే. ధాన్యం సీజన్‌లో మిల్లులకు వెళ్లే లారీలు మా వీధి మొదట్లో బారులు తీరతాయి. సీజన్ అయిపోయినా కదలనిది మాత్రం మా వీధిలోనే ఉండే లింగస్వామి లారీ ఒక్కటే. అది అడ్డంగా నిలబడితే ఆటో రాదు, నీళ్ల ట్యాంకర్ రాదు. వీధి జనమంతా ఒకచోట కూర్చుని దీని సంగతి తేల్చుకోవాలని పిల్ల ఆశ. రెండుసార్లు మీటింగ్ పెట్టింది. రెండుసార్లూ వచ్చింది నేనూ, చంద్రయ్యా. నేను వెళ్లకపోతే మా ఆవిడ ఊరుకోదు. చంద్రయ్య మిల్లులో హమాలీ పని చేసి మానేసిన పెద్దమనిషి, లింగస్వామిని తిట్టనిదే ఆయనకు పొద్దు గడవదు.

మూడో మీటింగ్‌కు ప్రొఫెసర్ శశిధర్ సారు స్వయంగా వస్తానన్నాడు. ఈసారీ జనం రాకపోతే ప్రాజెక్టు రద్దు, మళ్లీ ఏడాది చదవాల్సిందే. పిల్ల సరిగ్గా అన్నం తినడం మానేసింది.

"ఫ్లెక్సీ పెడదాం మామా," అంది ఒకరోజు.

"పెట్టు. పైన పెద్ద లీడర్లు, కింద మన గల్లీ పోరగాళ్ల తలకాయలన్నీ..."

"ఛీ! ఆ గందరగోళం ఎవరు సూస్తరు మామా? ఒక్కటే మొహం ఉండాలె. సుట్టూ ఖాళీ ఉండాలె. గప్పుడే కండ్లు ఆగుతయ్."

చంద్రయ్యను ఒప్పించి ఫోటో తీసింది. రంగులన్నీ తీసేసి నలుపు తెలుపు చేసింది. తెల్లటి ఫ్లెక్సీ నడుమ ఆయన నవ్వుమొహం, కింద చిన్న అక్షరాల్లో "దారి మనది. ఆదివారం పదింటికి కమ్యూనిటీ హాలు." నాకు చాలా బాగుందనిపించింది. ఇట్లాంటిది ఎక్కడో చూశాననీ అనిపించింది కానీ ఎక్కడో గుర్తు రాలేదు.

ఫ్లెక్సీ షాపు వేణు మాత్రం దాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి నోరెత్తకుండా ప్రింటు తీసి, వీధి మలుపులో తానే కట్టి, దానికి దండం పెట్టి వెళ్లాడు.

"సూసినవా మామా, మంచి డిజైన్‌కు ఎంత మర్యాద ఉంటదో!" అంది ప్రత్యూష.

అప్పటికే చంద్రయ్య పెద్దవూరలో కూతురింటికి వెళ్లి ఉన్నాడు. ఫోన్ ఎత్తే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు.

ఆదివారం పదింటికి హాలు కిక్కిరిసిపోయింది. ప్రత్యూష మొహం వెలిగిపోతోంది. శశిధర్ సారు కళ్లజోడు సర్దుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. అందరి చేతుల్లో బంతిపూల దండలు చూసి, మా వీధివాళ్లకు ఇంత సభామర్యాద ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను. అంతలో మా వీధి పిచ్చమ్మ లోపలికి వస్తూనే శోకం తీసింది.

"ఓ చంద్రన్నా! మొన్ననే నా దగ్గర ఆకూవక్క అడిగి తింటివి కదనే!"

అట్లాంటి ఫ్లెక్సీ ఎక్కడ చూశానో నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా ఊళ్లో బతికున్నవాడు ఫ్లెక్సీలో రంగు చొక్కా వేసుకుని పదిమందితో కలిసి ఉంటాడు. నలుపు తెలుపులో ఒంటరిగా నవ్వేది పోయినవాళ్లే.

"మామా, ఆయన మంచిగనే ఉన్నడని జర చెప్పు వీళ్లకు," అని ప్రత్యూష ఏడుపు గొంతుతో నా చేయి పట్టుకుంది.

నేను లేచేలోపే లింగస్వామి మైకు అందుకున్నాడు.

"అన్నా! లారీ తియ్యమని పొద్దుగాల్నే తిట్టేటోనివి. నేను ఇనకపోతి. ఇగ నన్ను ఎవరు తిడతరే? అందరి ముందట చెప్తున్న, ఆ బండి ఇగ గీ గల్లీల పెట్ట. నా పిల్లల మీద ఒట్టు!"

"ఒట్టు తర్వాత పెడ్దువు, ముందు బండి తియ్‌రా!"

గుమ్మంలో చంద్రయ్య. పెద్దవూర బస్సు దిగి, లారీ పక్క సందులోంచి చొక్కా గీరుకుంటూ వచ్చాడు. పిచ్చమ్మ కళ్లు తిరిగి కూలబడింది. ఎవరో ఆమె మీద చల్లబోయిన నీళ్లు సారు మీద పడ్డాయి. అందరికన్నా ముందు తేరుకున్నది లింగస్వామే.

"నువ్వు బతికే ఉన్నవ్ కదనే! ఇగ ఆ ఒట్టు చెల్లదు."

ఒకటే నవ్వులు. వచ్చిన పని లేకుండా పోయిందని జనం దండలు చంకన పెట్టుకుని లేవసాగారు. ప్రత్యూష మొహం పాలిపోయింది. సారు తడిసిన కళ్లజోడు తుడుచుకుంటూ దానివైపే చూస్తున్నాడు.

చంద్రయ్య కూడా ఆ పిల్లను చూశాడు. స్టేజీ ఎక్కి కుర్చీలో కూర్చుని, దగ్గర్లో ఉన్న దండ అందుకుని తన మెడలో తానే వేసుకున్నాడు.

"అయితే నేను సచ్చిపోయిన," అని కళ్లు మూసుకున్నాడు.

"గిదేం పనే అన్నా?" అన్నాడు లింగస్వామి.

"సచ్చినోడు ఎట్ల మాట్లాడ్తడు?" అని కసిరి, అప్పటికి లేచి కూర్చున్న పిచ్చమ్మ కొంగు బిగించి మళ్లీ శోకం ఎత్తుకుంది. ఈసారి లింగస్వామి పేరూ, తప్పిన ఒట్టూ కలిపి పాడింది. గుమ్మం దాకా వెళ్లినవాళ్లు వెనక్కి వచ్చారు. ట్యాంకర్ రాక బిందెలు మోసిన కథ ఒకామె, ఆటో రాక కోడలిని మంచం మీద దవాఖానకు మోసుకుపోయిన కథ ఇంకొకామె రాగం తీసి ఏడ్చారు. సారు గబగబా రాసుకుంటున్నాడు. లింగస్వామి నాలుగు వైపులా చూశాడు. ఏ వైపూ నవ్వు కనబడలేదు. జేబులోంచి తాళాలు తీసుకుని బయటికి పరుగెత్తాడు.

లారీ స్టార్టయి మెయిన్ రోడ్డు వైపు వెళ్లిన చప్పుడు అందరూ విన్నారు. చంద్రయ్య ఒక కన్ను తెరిచాడు.

"పోయిందా బిడ్డా?"

"పోయింది తాతా. ఇగ లే!" ప్రత్యూష ఏడుస్తూనే నవ్వుతోంది.

"నువ్వు మీటింగ్ షురూ చెయ్," అని ఆయన మళ్లీ కన్ను మూశాడు. "నేను లేస్తే వీళ్లంత ఇండ్లకు పోతరు."