చిటుక్కుమనే చప్పుడు

ఆ రోజు ఇంట్లో తల్లిదండ్రులు బాపు సాంబన్న, అవ్వ ముత్తక్క, నాగపూర్ దగ్గరి కంపెనీ నుంచి సెలవు మీద వచ్చిన అన్న వినయ్‌కుమార్, తొమ్మిదో తరగతి చదివే త్రివేణి ఉన్నారు. పొద్దెక్కాక రామనాథం సార్ వచ్చాడు. చంద్రపూర్ తెలుగువాడు, అన్న పనిచేసే ల్యాబుకు పెద్ద. పడవలో గోదావరి దాటి కాళేశ్వరంలో స్నానం చేసి, తిరుగుదారిలో సిరొంచలో వీళ్ల ఇంట్లో భోజనానికి ఆగాడు.

బొగ్గు గనుల్లో, క్వారీల్లో బండలు పేల్చే మాలు ఆ కంపెనీ చేస్తుంది. బయటికి పోయేముందు ప్రతి మాలునూ ల్యాబులో చూస్తారు. ఒక గదిలో వేడి చేసి ఎప్పుడు పొగ లేస్తుందో కనిపెడతారు. ఇంకో గదిలో చిటికెడు తీసుకుని దానిమీద బరువు పడేస్తారు. దెబ్బకు అంటుకుంటే ఆ మాలు బయటికి పంపరు. అంటుకుందా లేదా అన్నది చెవితో తేల్చాలి. ఆ పని అన్నది. చప్పుడు తగలకుండా చెవులకు పెట్టుకోవడానికి కంపెనీ డొప్పలిచ్చింది. అవి ఉంటే సన్నటి చప్పుడు అందదని అన్న తీసేసి వినేవాడు. అట్లా ఆ పేలుళ్ల చప్పుడుకు దసరా నాటికి ఎడమ చెవి పోయింది, కుడిది మందగించింది. ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ పనిలో ఉంచరు.

"సార్‌ను నాకు కుడిపక్క కూసుండవెట్టు," అని అన్న పొద్దున్నే త్రివేణికి చెప్పిపెట్టాడు. "నాకు ఇనవడకుంటె ఎదురుంగ నిలవడి ఉత్త పెదవులతోని చెప్పు. నువ్వెట్లాగు గొంతెత్తి మాట్లాడవు గద."

ఆమె పీట కుడివైపే వేసింది. బాపు వచ్చి లాగేశాడు. "పెద్దమనిషిని ఎండల కూసుండవెడుతరా? ఇటు రాండ్రి సార్, ఇటు గాలొస్తది." మర్యాదల తొందరలో ఆయనకు కొడుకు చెవి గుర్తులేదు. సార్ ఎడమవైపు కూర్చున్నాడు.

"పోయిన వారం మాలు ఎట్లున్నదయ్యా?" అన్నాడు సార్, ముద్ద కలుపుతూ.

అన్న తింటూనే ఉన్నాడు. సార్ మళ్లీ అడిగాడు. పప్పు గిన్నెతో ఎదురుగా నిలబడ్డ త్రివేణి, చప్పుడు లేకుండా ఆ మాటను పెదవులతో పలికింది.

"మంచిగున్నది సార్. ఒక్కటి గూడ అంటుకోలే."

సార్ అన్న వైపు చూడలేదు. త్రివేణి పెదవుల వైపు చూశాడు. ఆమె గిన్నెలోకి తల దించుకుంది.

సార్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చినప్పుడు ఆమే నీళ్లు పోసింది. "రెండు చెవులు పోయినయా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

"లే సార్. ఎడమదొక్కటే. కుడిది జర మంచిగనే ఉన్నది."

అన్నను వెనకేసుకొచ్చాననుకుంది. చెంబు దించేసరికి ఏం చెప్పిందో తెలిసింది.

సార్ లోపలికి వెళ్లి అన్నకు కుడిపక్కన కూర్చున్నాడు. "ఢామ్మంటె చెవిటోనికి గూడ తెలుస్తది. చిటుక్కుమన్నదే అసలుది, వినయ్. అది నువ్వు ఇనకుంటె మంచిగున్నదని రాస్తవు. ఆడ క్వారీల ఎవడో కూలి ఆ మాలు పెట్టె మోస్తడు, కింద ఏస్తడు. దసరా సంది నువ్వు చూసినదంత మల్ల చూపియ్యాలె. ఇగ ఆ గదికి పోకు."

"సన్నది ఇందామనే డొప్పలు తీసిన సార్," అన్నాడు అన్న.

సార్ లేచాడు. పెట్టిన తమలపాకులు ముట్టకుండానే వెళ్లిపోయాడు.

"ఏనాడు నోరు తెరువనిది," అన్నాడు బాపు, "ఇయ్యాల్నే తెరిచింది. బంగారమసొంటి నోరు."

"అవ్ మరి. పీట గుంజినోడు పీట గుంజె, నోరు జారింది నోరు జారె," అంది అవ్వ, ఎంగిలి కంచాలు తీస్తూ.

త్రివేణి పొయ్యి పక్కన నిలబడింది. ఎవరో కూలి పెట్టె ఎత్తుకోవడం కళ్ల ముందు కనబడింది. ఇన్నాళ్లూ పెదవులాడిస్తూ ఆ అబద్ధంలో తానూ ఉన్నానని సిగ్గేసింది. చెప్పేయడమే మంచిదైందని లోలోపల అనిపించింది. అన్న బతుకు పోతుంటే తనకిట్లా ఎట్లా అనిపిస్తుందని ఇంకా సిగ్గేసింది.

గది దగ్గరికి వెళ్లింది. అన్న బట్టలు బ్యాగులో కుక్కుతున్నాడు.

"సారే అడిగిండన్నా," అంది. అతనికి వినబడాలని గొంతు పెంచింది. వీధిదాకా వినబడేంత గట్టిగా వచ్చింది.

"అడిగితె? తెల్వదంటె అయిపోవు గద."

తెలియదనడం ఆ క్షణంలో ఆమెకు తట్టనే లేదు.

"ఇంక చెప్పేదున్నదా?"

ఉంది. తల ఊపింది. ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటూ గడప మీద నిలబడింది. అన్న వచ్చి, ఆమె కాలు గడప మీంచి తీసేదాకా ఆగి, తలుపు వేసేశాడు.