నెల తక్కువ ఏడాది

ఫోర్‌మన్ సైటులో బాయిలర్ వెలిగిందంటే ఇంట్లోకి అట్టపెట్టెలు దిగాల్సిందే. ఆయన ఉద్యోగం అలాంటిది. కొత్తగా కట్టే కరెంటు కేంద్రంలో బాయిలర్ బిగించాలి, మంట రాజేసి చూపించాలి, పెద్దవాళ్లతో సంతకాలు పెట్టించుకుని ఇంకో రాష్ట్రానికి పోవాలి. బిగించడానికి పదకొండు నెలలు పడుతుంది. పదీ పట్టదు, పన్నెండూ పట్టదు. సామాను చేరి, ఇల్లు కుదిరేసరికి ఇంకో నెల. ఆయన భార్యకి సర్దడం వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. గాజు గ్లాసుల మధ్య పాత బనీన్లు కుక్కి, గిన్నెలో గిన్నె దించి, పెట్టెల మీద నల్ల సిరాతో ‘వంట’, ‘పక్కలు’, ‘పాప’ అని రాసేది.

పాపకి ఎనిమిదేళ్లు. గత ఐదేళ్లుగా ఎనిమిదేళ్లే.

ఒకచోట బడి ఏడాది నిండితేనే కదా పిల్లలకి వయసు పెరిగేది. పరీక్షలు నెల ఉన్నాయనగా గుమ్మం ముందు లారీ ఆగేది. కొత్త రాష్ట్రంలో భాష వేరు, పుస్తకాలు వేరు. “మా భాషలో అక్షరం ముక్క రాదు, నాలుగులో ఎలా కూర్చోబెట్టమంటారు?” అనేవాడు అక్కడి హెడ్మాస్టరు. మళ్లీ మూడే. ఆ పిల్లకి మూడో ఎక్కం ఐదు భాషల్లో వచ్చు. ఎత్తు మాత్రం బెత్తెడు పెరగలేదు. జ్వరమొస్తే తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ గొంతు చూసి, మందు రాసి, “ఈసారైనా ఏడాది నిండేదాకా ఉంటారా?” అని అడిగి, జవాబు వినకుండానే తర్వాతి వాళ్లని పిలిచింది.

పాప తర్వాత ఇంకో పిల్ల ఉంది. ఇద్దరినీ ఊళ్లు తిప్పలేక మొదటి బదిలీ అప్పుడే దాన్ని పిన్ని దగ్గర వదిలారు. ఒకే ఊళ్లో ఒకే బళ్లో చదువుకుంటూ అది పదేళ్లు దాటేసింది. దానికి పొట్టివైపోయిన గౌన్లు పార్సిల్లో అక్కకి వస్తాయి. ఫోను చేస్తే, “ఏం పాపా, తిన్నావా?” అని అక్కనే ఆరా తీస్తుంది.

“అక్కని అక్కా అనవే, గడుగ్గాయీ!” అని తల్లి కోప్పడితే, “అంటాలేమ్మా, కాస్త పెద్దదవనీ” అంటుంది.

నిజం చెప్పాలంటే మొదట్లో తల్లికి లోలోపల సంతోషంగానే ఉండేది. భాష రాని వీధిలో, మొగుడు పొద్దున పోతే దీపాలు పెట్టాక గాని రాని ఇంట్లో, ఒళ్లో కూర్చునే పిల్ల ఒకతి ఉంటే చాలనుకుంది. పిల్ల ఎదగకపోవడం తనకే అక్కరకొచ్చిందని తర్వాతెప్పుడో తెలిసొచ్చి సిగ్గుపడింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఐదో బాయిలర్ కూడా వెలిగింది. ఫోర్‌మన్ పెట్టెలు మోసుకొచ్చి వరండాలో పడేశాడు.

“ఈసారి రెండు గదుల క్వార్టరట. కిటికీలు కూడా పెద్దవట.”

“పాప పరీక్షలు నెల ఉన్నాయండీ.”

“ప్రతిసారీ ఉన్నదేగా! అక్కడ చదువుతుందిలే.”

ఆవిడ అలవాటు కొద్దీ గిన్నెలు దించింది, కాయితాలు చింపింది. ‘వంట’ అని రాసిన పెట్టె దగ్గరికి వచ్చి చూస్తే అందులో పాప కూర్చుని ఉంది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, చేతులు చుట్టేసుకుని, బుద్ధిగా ఉంది.

“ఇంకా పడుతున్నానమ్మా,” అంది. “చూడు, మూత కూడా వేసుకోవచ్చు.”

పిల్ల నవ్వుతూ అన్న మాట కాదది. తల్లి పిల్లని చంకలకింద పట్టుకుని పైకి లేపి, పెట్టెని కాలితో తోసేసి, భర్త దగ్గరికి వెళ్లింది.

“మేం రావట్లేదు.”

“క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఎక్కడుంటారు?”

“ఎక్కడో ఒకచోట.”

“నీకు ఇక్కడి భాషైనా సరిగ్గా రాదు!”

“మూడో తరగతంత వచ్చు. పదకొండు నెలలు పక్కన కూర్చుని చదివించింది నేనేగా.”

ఆయన ముఖం పాలిపోయింది. “నేను ఎవరి కోసం తిరుగుతున్నాను, చెప్పు?”

“మా కోసమే. మీరు తిరగండి. మేం ఒకచోట కూర్చుంటాం.”

ఆయన చెడ్డవాడు కాదు. పాప తల నిమిరి, పరీక్షలవగానే వచ్చెయ్యమని మూడుసార్లు చెప్పి లారీ ఎక్కాడు. ఆవిడ ఒక లాండ్రీ వెనక గది తీసుకుని, అందులోనే ఇస్త్రీ పనికి కుదిరింది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, పొద్దు గూకేదాకా వచ్చి పడుతూనే ఉండేవి. అరచేతులు పొక్కిపోయాయి. పాప పరీక్ష రాసింది, పాసైంది.

ఫలితాలొచ్చిన రోజే మోకాళ్లు నొప్పులంది. ఆగిపోయిన ఏళ్లన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. సెలవులు ముగిసేలోపు పాలపళ్లు రాలి కొత్తవి మొలిచాయి, గౌన్లన్నీ మసిగుడ్డలయ్యాయి, పదమూడేళ్ల పిల్ల తల్లి చెవి దాకా వచ్చింది. బళ్లో కొలత చూసి ఎనిమిదిలో వేశారు. పెరిగింది ఎత్తొక్కటే అయితే బాగుండేది. ఐదేళ్ల కోపం కూడా వెంటే వచ్చింది.

“ఇన్నేళ్లూ ఎందుకూరుకున్నావ్?” అని ఒకరోజు సూటిగా అడిగింది. తల్లి దుప్పటి మీద నీళ్లు చల్లి ఇస్త్రీపెట్టె ఆనించింది.

ఫోనులో భర్తకి చెప్పింది: “పాప పెరుగుతోందండీ.”

“మంచిదేగా, పాలు తాగమను,” అన్నాడాయన. అటుపక్క ఎవరో కేకేస్తే పెట్టేశాడు. ఇంకో నెలాగి వస్తామని ఈవిడ, సరేనని ఆయన, అలా ఏడు నెలలు గడిచాయి.

ఆ కొత్త బాయిలర్లో ఏదో గొట్టం పగిలి పని ఆగిపోతే ఆయనకి నాలుగు రోజులు సెలవు దొరికింది. చెప్పకుండా బయల్దేరాడు. లాండ్రీ పక్క సందులోంచి వచ్చి తలుపు కొట్టాడు. చేతిలో ఒక సంచీ, చిన్నపిల్లల చెప్పుల జత.

పొడుగాటి అమ్మాయి తలుపు తీసింది.

“అమ్మాయ్, మావాళ్లు ఇక్కడే ఉంటున్నారటగా,” అన్నాడు, గోడ మీది నంబరు చూస్తూ. “మా పాపని ఒకసారి పిలుస్తావా?”

ఆ పిల్ల తండ్రిని పోల్చుకోలేదనుకునేరు. అడుగుల చప్పుడుకే పోల్చుకుంది. ఆయన తన ముఖం వంక చూస్తాడని అలాగే నిలబడింది. ఆయన తల వంచి, ఆ పిల్ల నడుము పక్కనుంచి లోపలికి తొంగి చూశాడు, ఎనిమిదేళ్ల పిల్ల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో వెతుకుతూ.

“ఆ పాప ఖాళీ చేసి వెళ్లిపోయిందండీ,” అంది.

లోపల దుప్పటి మడత పెడుతున్న తల్లికి రెండు గొంతులూ వినబడ్డాయి. ఆమె గుమ్మం దాకా రాలేదు, పెట్టిన మడత విప్పి మళ్లీ మొదటినుంచి పెట్టింది.