విమానంలోంచి కనపడిన దారి

దేవపాలు అయ్యవారి పిచ్చి ప్రొద్దుటూరులో ఆయన వీధికంతా తెలిసిందే. బడి వదిలితే చాలు, కంప్యూటర్ ముందు కూచోని ఉత్తుత్తి విమానం తోలుతాడు. ఆ విమానం కింద మన నేలవే, ఉపగ్రహం తీసిన ఫోటోలు పరిచినాడు. మంచి ఫోటోలు ఆయన పాత కంప్యూటర్ మోయలేదు, మసకవే దిక్కు. పైనుంచి చూస్తే జమ్మలమడుగు జమ్మలమడుగే. కిందికి దిగితే సంగటి అలికినట్టుంటుంది.

ఆడుకునేవాడు ఊరుకోవచ్చు గదా, పైనుంచి మన ఊర్లన్నీ కనపడతాయని నలుగురికీ చెప్పినాడు. మూడోనాటికల్లా, జమ్మలమడుగు పక్క పల్లెలో పార్టీ నడిపే నాగమునిరెడ్డి జీపు వాకిట్లో ఆగింది. ఎలక్షన్ల ముందర రోజులు. ఆ రెడ్డి ఎంత అనుమానం మనిషంటే, ఏ దారిన పోయేదీ జీపెక్కినాకే చెప్తాడు. ఇరవై ఏండ్లుగా ఆ జీపు తోలేది నబీ రసూల్.

"మా ఇల్లు చూపిచ్చు అయ్యవారూ. పైనుంచి ఎవరికేం కనపడతాందో నాకు తెల్సాల."

దేవపాలు విమానాన్ని అటు మళ్లించినాడు. ఊరు రాగానే రెడ్డి వేలు తెరమీద ఆగింది. ఆయన ఇంటి ఎనకనుంచి సన్నటి తెల్లగీత ఒకటి, వంక దాటి, నేరుగా అవతలి పార్టీవాళ్ల తోటలోకి పోయింది.

"ఈ దారిన నడిచేదెవరు? మా ఎనకపక్క ఉండేది రసూల్ కొట్టం ఒకటే."

పోయినేడు ఇంతకంటే చిన్న అనుమానానికే ఆ ఊళ్లో ఒక మనిషి బావిలో తేలినాడు.

"దారి కాదు రెడ్డీ. రెండు ఫోటోలు కలిసినకాడ అతుకు."

"నువ్వు గూడా వాళ్ల మనిషివేనా?"

అయ్యవారు విమానాన్ని గీతెంబడి పోనిచ్చినాడు. గీత పెన్న దాటింది.

"ఎండాకాలం పెన్నలో నడవనోడెవడు?" అన్నాడు రెడ్డి.

గీత మైలవరం డ్యాంలోకి దిగి నీళ్లమీద గూడా అట్లే పోతాంది.

"నీళ్లమీద నడిచినాయన ఒక్కడే రెడ్డీ. ఆయన మా బైబిల్లో ఉండాడు."

రెడ్డి తెరకు మొగం ఆనిచ్చి చూసి, "అతుకేలే," అన్నాడు. ఒక ప్రాణం దక్కిందని దేవపాలు లోలోపలే దండం పెట్టుకున్నాడు.

ఎనక్కి తిరిగితే గడపలో రసూల్. అంతా విన్నాడు. లోపలికొచ్చి జీపు తాళాలు బల్లమీద పెట్టినాడు.

"అది అతుకంట రసూలూ. పా, పోదాం," అన్నాడు రెడ్డి.

"నేను తోలలేనన్నా. ఇన్నేండ్లూ నిన్ను పక్కన కూచోబెట్టుకోని దారే చూసినా. ఇంగ నా కండ్లు నీ చేతులమీదే ఉంటాయి."

రసూల్ బయటికి పోయి, రోడ్డు దాటి ఎదురుగా బస్సుకోసం నిలబడినాడు. రెడ్డి లేచి కిటికీ కాడికి పోయినాడు.

"చూస్తాండావా అయ్యవారూ? అవతలి పార్టీవాళ్ల ఊరి బస్సు ఎక్కుతాండాడు."

"మీ ఊరికి గూడా ఆ బస్సే గదా రెడ్డీ. పెండ్లాం బిడ్డల కాడికి పోతాండాడు."

రెడ్డి ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే సెల్లు తీసి ఎవరికో నంబరు నొక్కుతాండాడు.