తిరిగిరాని కార్డు

ఖాళీ మాస్టారు పొద్దున్నే ప్రెస్సు షట్టరు ఎత్తగానే చూసేది గుమ్మం పక్కనున్న అట్టపెట్టెని. ఆయన అచ్చువేసిన విజిటింగ్ కార్డు తీసుకున్నవాళ్ళకి అక్కర్లేకపోతే చీకటిపడేలోగా ఆ పెట్టెలోకి వచ్చి పడుకుంటుంది. చొక్కా జేబులో దాచినా అంతే, సొరుగులో పెట్టి తాళం వేసినా అంతే. సాయంత్రంపూట కార్డులు ఎదురైతే వీధిలో జనం తొక్కకుండా పక్కకి తప్పుకుంటారు.

వచ్చినవాటిని చూసే ఆయన విద్య నేర్చుకున్నాడు. బంగారు అంచులవి వచ్చేశాయి. మెలికల అక్షరాలవి వచ్చేశాయి. పదకొండు పనులు ఏకరువు పెట్టినవైతే, పాపం, మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టాయి. అందుకే ఎవరొచ్చినా ఒకటే పాట. "ఒక్క పని చెప్పండి. నంబరు పెద్దదిగా వేద్దాం. కళ్ళజోడు లేకుండా చదవగలగాలి. మిగతాదంతా ఖాళీ వదిలేద్దాం." ఖాళీ మాస్టారన్న పేరు అలా స్థిరపడింది.

అంతటి మనిషీ జిప్పులావిడ దగ్గర తప్పులో కాలేశాడు.

ఆవిడ ఎదురింటి మెట్ల కింద కూర్చుని బ్యాగులకీ కోట్లకీ పాడైన జిప్పులు బాగుచేస్తుంది. రోజూ ఇంటికెళ్తూ ప్రెస్సులో ఒక్క నిమిషం ఆగి, ప్రూఫుల్లో అచ్చుతప్పులు పట్టి నవ్వుతుంది. ఆ నిమిషం కోసమే అన్నయ్య కొన్ని తప్పులు వదిలేస్తాడని, కటింగ్ మిషను దగ్గర కూర్చునే మాస్టారి చెల్లెలికి ఎప్పటినుంచో అనుమానం. నలభై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారిని పట్టుకుని అడగలేక ఊరుకుంది.

"బేరాల్లేవండీ," అంది జిప్పులావిడ ఓ సోమవారం. "ఆఖరిసారిగా కార్డులు పంచి చూస్తాను. లేదంటే శనివారం బండికి మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతా. వదిన గది కూడా సర్ది పెట్టింది. వెళ్తే ఇక రాను."

మాస్టారికి గుండెల్లో రాయి పడింది. ఆ రాయితోనే కార్డు రాయడానికి కూర్చున్నాడు. ఏం రాసినా తీసెయ్యబుద్ధి కాలేదు. ఓపిక గల మనిషి. ఎవరినీ విసుక్కోరు. మొండి జిప్పుని కూడా బతిమాలి దారికి తెస్తారు. వానలో కూడా నవ్వు మొహంతోనే ఉంటారు. అలా పద్నాలుగు లైన్లయ్యాయి. నంబరుకి మూలన చీమ తలకాయంత చోటు మిగిలింది.

"అన్నయ్యా, ఇది కార్డా, ఉత్తరమా?" అంది చెల్లెలు.

"నువ్వు కొయ్యమ్మా," అన్నాడాయన.

జిప్పులావిడ రెండుసార్లు చదువుకుంది. "ఒక్క అచ్చుతప్పు కూడా లేదేంటండీ," అంది మెల్లగా. ఆవిడకీ ఒక్క లైనూ కొట్టెయ్యబుద్ధి కాలేదు మరి.

బుధవారం కార్డులు బయల్దేరాయి. సాయంత్రానికి బారులుతీరి వచ్చేశాయి. ఆవిడ గుమ్మంలోనే నిలబడి అన్నిటికీ దారిచ్చింది. "చెప్పాల్సింది చెప్పేశాయి. శనివారం బయల్దేరతాను," అంది. మాస్టారు తల ఎత్తలేదు. ఆవిడ బతుకుని తన చేతులతోనే చెడగొట్టానని ఏడుపొచ్చింది ఆయనకి.

చెల్లెలు మాత్రం పెట్టె ముందు కూర్చుని లెక్కపెట్టింది. "వంద వేశాం, తొంభై తొమ్మిదే ఉన్నాయి. ఒకటి ఎవరికో అక్కరకొచ్చింది."

ఎవరికా అని ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. పొద్దున ఆ వందలోంచే నమూనాకని తీసి పెట్టుకున్న కార్డు అక్కడే వెచ్చగా ఉంది. లైట్లు వేసి గంటయినా కదల్లేదు.

జిప్పులావిడ ఆయన చొక్కా వంక చూసింది. "మీ దగ్గర జిప్పున్న వస్తువేదైనా ఉందా?"

"లేదండీ."

ఆవిడ పెట్టెలోంచి ఓ కార్డు తీసి, బల్ల మీది పెన్నుతో పద్నాలుగు లైన్లూ కొట్టేసింది. వెనకవైపు రాసింది: జిప్పు పాడైందా? బాగుచేస్తాను. కింద నంబరు, పెద్దదిగా. ఇంకేమీ లేదు.

"జనానికి ఇది చాలు," అంది. "అది మీరుంచుకోండి."

గురువారం పంచిన కొత్త కార్డుల్లో తిరిగొచ్చినవి ఆరే. శనివారం బండి వెళ్ళే వేళకి మెట్ల కింద ఏడు బ్యాగులు వరసలో ఉన్నాయి. వదిన ఫోను చేసింది, స్టేషనుకి ఎవరిని పంపమంటావని.

"ఎవరినీ వద్దు," అంది జిప్పులావిడ, పళ్ళమధ్య నుంచి సూది తీసి. "నా కార్డొకటి ఇక్కడ ఒకాయన జేబులో ఉండిపోయింది వదినా. అది తిరిగొచ్చాక వస్తాలే."