మీసాలప్ప గుండు

ధనంజయ మొహం నాలుగేళ్లుగా బెంగుళూరులో చాలా ఇళ్ల ఫ్రిజ్‌లలో ఉంటోంది. ఒత్తైన ఉంగరాల జుట్టు, కొనలు పైకి తిరిగిన మీసం, దాని కింద ‘మీసాలప్ప మామిడి వైన్’ అని అక్షరాలు. బంగారుపాళ్యం తోటల్లో తోతాపురి కాయ కొని, కర్ణాటక సరిహద్దు దాటించి, ముళబాగిలు పక్కన ఒక చిన్న వైనరీలో పులియబెట్టి, ఆన్‌లైన్‌లో వచ్చిన ఆర్డర్లకు పంపుతాడు. మొదటి ఏడాది కొన్నవాళ్లలో సగం మంది, మీసం చూసి కొన్నామని రాశారు. వైన్ ఎలా ఉందో రాయలేదు. రెండో ఏడాదికి అదీ రాశారు.

ఇప్పుడు ముంబై కంపెనీ ఒకటి ఆ పేరునూ బొమ్మనూ వెబ్‌సైటునూ కలిపి కొంటానంది. అమ్మాలని ధనంజయకు పెద్ద కోరికేమీ లేదు. కానీ ఈ ఏడు కాయ విరగకాసింది. పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రెండేసి రోజులు నిలబడుతున్నాయి. అతన్ని నమ్ముకున్న ముప్పై ఇద్దరు రైతుల కాయ అతని నాలుగు ట్యాంకుల్లో పట్టదు. కంపెనీకైతే పడుతుంది. ఒకటే మెలిక. జూన్ ముప్పై సాయంత్రం ఐదులోపల సంతకం కావాలి. దాటితే బ్రాండ్ సంగతి ఎలాగూ చూస్తారు గానీ, ఈ సీజన్ కాయ మాత్రం కొనరు.

ఇరవై ఏడో తేదీన కంపెనీ తరఫు మేనేజరు మోహన హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. “అంతా ఖాయమైంది సార్. ముప్పైన మేమే వస్తున్నాం. లాప్‌టాప్‌లోనే సంతకం, తర్వాత మీతో ఒక చిన్న వీడియో.”

ఖాయమైంది అన్న మాట వంటింట్లో ఉన్న మేనత్త అలివేలమ్మ చెవిన పడింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“రేపు కొండకు పోదాం. నీ జుట్టు మొక్కుకోని ఉండా.”

“నా జుట్టు నువ్వెట్లా మొక్కుకుంటావత్తా? నీది మొక్కుకోవాల గానీ.”

“నాదేముండాది, పిడికెడు. స్వామికి అంత పని చెప్పి ఇంత ఇస్తే బాగుంటాదా?”

“వైన్ కంపెనీ అమ్ముడుపోవాలని మొక్కుకున్నావా?”

“రసం వ్యాపారమని చెప్పినా. అబద్ధమేం కాదు, సగం చెప్పినా. మిగతా సగం ఆయనకి తెలీకుండా ఉంటాదా?”

సంతకమయ్యాక పోదాం అనవచ్చు. ధనంజయకు ఆ ఊహే రాలేదు. ఆ ప్రాంతంలో గుండు ఒక వార్త కాదు. ఏ బస్సెక్కినా నలుగురికి ఉంటుంది. బ్యాంకులో క్యాషియరుకు ఉంటుంది, పెళ్లయిన వారానికి పెళ్లికొడుక్కూ ఉంటుంది. గుండు వల్ల ఎవరి పనైనా ఆగినట్టు అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు. కాబట్టి మర్నాడు తిరుమల కళ్యాణకట్టలో బుద్ధిగా తల వంచాడు. మీసం దగ్గర మాత్రం కత్తి ఆగింది.

“ఇది కూడానా?” అన్నాడు క్షురకుడు.

ధనంజయ నోరు తెరిచేలోపే వెనక నుంచి అత్త, “స్వామి దగ్గర మిగిలించుకునేది ఏముండాది నాయనా, తీసెయ్” అంది.

బయటికి రాగానే తలకు చల్లటి గాలి తగిలింది. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు దింపినట్టనిపించింది. అత్త గుండుకు గంధం రాసింది. ఇద్దరూ లడ్డూలు తీసుకుని దిగి వచ్చారు. మోహనకని అత్త ఒకటి విడిగా పెట్టింది.

ముప్పైన పదకొండుకు కారు వచ్చింది. మోహన దిగి, గుమ్మంలో గంధం గుండుతో నిలబడ్డ మనిషిని చూసి, “ధనంజయ గారున్నారా?” అని అడిగింది.

“నేనే మేడం.”

ఆమె వెనక్కి తిరిగి, వీడియో తీయడానికి వెంట తెచ్చిన కెమెరా కుర్రాణ్ణి చూసింది. అతను కెమెరాను మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

లాప్‌టాప్ అంతకన్నా మొండిది. సంతకం చేసే మనిషి మొహాన్ని గుర్తింపు కార్డు ఫొటోతో పోల్చుకోందే అది ముందుకు కదలదు. ధనంజయ దాని ఎదుట కూర్చున్నాడు. సరిపోలలేదు అంది. కిటికీ దగ్గర కూర్చున్నాడు. సరిపోలలేదు. అలివేలమ్మ పరుగున వెళ్లి కాటుక డబ్బీ తెచ్చింది.

“అదెందుకత్తా?”

“మీసం గీస్తే సరిపోతాది గదా.”

“వద్దమ్మా, అది మోసమవుతుంది” అంది మోహన, నవ్వు ఆపుకోలేక. మూడోసారీ కాదనేసి, ఇరవై నాలుగు గంటల వరకు మళ్లీ ప్రయత్నించవద్దని చెప్పి యంత్రం మూసుకుంది.

మోహన ముంబైకి ఫోన్ చేసింది. అవతల లాయరు, జుట్టు పెరగనివ్వండి, సెప్టెంబరులో చేద్దాం అన్నాడు.

ధనంజయ అప్పుడు మొదటిసారి తల తడుముకున్నాడు. “మేడం, జుట్టు మళ్ళా వస్తాది. కాయ రాదు. ఇప్పటికే పండుబారతా ఉండాది. సెప్టెంబరుకు చెట్ల కింద ఈగలుంటాయి, అంతే.”

బయట హైవే మీద కాయ ట్రాక్టరొకటి మెల్లగా పోయింది. మోహన అది కనుమరుగయ్యే దాకా చూసి మళ్లీ ఫోన్ ఎత్తింది. అరగంట వాదించాక ముంబై ఒక మెట్టు దిగింది. కాగితం మీద సంతకం, ఈ మనిషి ఆ మనిషేనని నోటరీ ధ్రువీకరణ, ఐదులోపల స్కాన్ కాపీ.

నోటరీ కోసం చిత్తూరు పోయే దారిలో అలివేలమ్మ కారు వెనక సీట్లో కూర్చుని, డబ్బాలో తెచ్చిన పెరుగన్నం మోహనకు కొంచెం కొంచెంగా పెట్టింది.

“నీక్కూడా ఏమన్నా మొక్కుకుందునా పాపా? ఇంత జడ ఉండాది.”

“వద్దు, వద్దమ్మా” అని మోహన జడ ముందుకు లాక్కుంది.

“నీ మనసులో ఏదుంటే అదే. ఊరికే అడిగినా.”

కోర్టు ఎదుటి నోటరీ బాలచంద్రకు అరవై దాటాయి. కార్డు తీసుకుని, ఫొటోలో జుట్టును ఎడమచేతి వేళ్లతో, మీసాన్ని కుడి బొటనవేలితో మూశాడు. మిగిలిన మొహాన్నీ ఎదుటి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

“పక్కకి తిరగప్పా. ఆ. ఇంకొంచెం.”

“ఏం చూస్తున్నారు?” అంది మోహన.

“చెవులమ్మా. కొండ కింద నోటరీ పని చేసేవాడు ముందు చెవులు సూడాల. జుట్టు మొక్కుకుంటారు, మీసం మొక్కుకుంటారు. ఇన్నేండ్లలో చెవులు మొక్కుకున్నోణ్ణి నేను సూడలే.” ముద్ర మీద ఊదాడు. “ఇతనే. ఎడమ చెవి తమ్మె అతుక్కోనుండాది సూడు, ఫొటోలోనూ అంతే.”

ఆ చెవి తమ్మె గురించి ధనంజయకే తెలియదు. తడుముకుని చూసుకున్నాడు. నలభై ఏడేళ్లుగా అతుక్కునే ఉంది పాపం.

నాలుగు పదికి కాగితాలు ముంబై చేరాయి. నాలుగు ఇరవైకి లాయరు ఫోన్ చేశాడు. గుర్తింపు సరే, కానీ మనం కొంటున్నదే ఆ మొహాన్ని కదా, ఆ మొహం ఇప్పుడు లేదు కదా, దీనికి పైవాళ్లతో మాట్లాడాలి, రేపు చెప్తాం అన్నాడు.

మోహన నోటరీ ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉంది. ధనంజయ ఒక మెట్టు కిందికి దిగి నిలబడ్డాడు. పక్కనే ఉంటే ఆమె మీద బరువు పెట్టినట్టవుతుందనుకున్నాడు. అలివేలమ్మ పెదవులు కదులుతున్నాయి. ఈసారి ఎవరి జుట్టు తాకట్టు పెడుతోందోనని అతనికి దడ పుట్టింది.

“సార్, మనం కొంటున్నది సీసా మీది బొమ్మను” అంది మోహన ఫోన్‌లో, నిదానంగా. “ఆ బొమ్మకు జుట్టుంది. మీసం ఉంది. ఎప్పటికీ ఉంటాయి. ఈయన జుట్టు మన ఆస్తి అని ఒప్పందంలో ఏ పేజీలో ఉందో చెప్పండి, తెరిచి చూస్తాను.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. చాలాసేపు తిరగేశాడు.

“లేదు” అన్నాడు చివరికి.

“మరి ఒప్పుకున్నట్టు మెయిల్ పెట్టండి సార్. మీ వాచీలో ఎంతైందో గానీ, నా దాంట్లో నాలుగు నలభై.”

నాలుగు యాభై రెండుకు మెయిల్ వచ్చింది. మోహన చదివి ఫోన్‌ను ధనంజయ చేతిలో పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు. సీసా మీది మనిషి ఇక తనవాడు కాదు. కొంచెం బెంగ కలిగింది. రేపటి నుంచి బస్టాండులో ఎవరూ ఆపి మీసంతో సెల్ఫీ అడగరు, టిఫిను వేడిగా ఉండగానే తినవచ్చు అనుకుంటే అంతలోనే హాయి కూడా అనిపించింది.

తన ఫోన్ తీసి, తోటలో మధ్యాహ్నం నుంచి కూలీలతో కాచుకుని ఉన్న రైతు సుబ్రమణ్యానికి వీడియో కాల్ చేశాడు.

“ఎవరప్పా నువ్వు?” అన్నాడు సుబ్రమణ్యం.

“కాయ కోయించు సుబ్రమణ్యం. అందరికీ చెప్పు. రేపు పొద్దున్నే లారీలొస్తాయి.”

“ఓ, నువ్వా. గుండు చేయించినావా? బాగుండాది.” అంతకుమించి ఆ గుండు గురించి అతనేమీ అడగలేదు. ఫోన్ జేబులో వేసుకున్నట్టున్నాడు, తెర నల్లబడింది. కేకలు మాత్రం వినిపించాయి. లేయండప్పా, నిచ్చెన్లు ఎత్తండి, చీకటి పడేలోపల రెండు చెట్లన్నా దించండి.

మోహన ఒక మెట్టు దిగి వచ్చి ఫోన్ దగ్గరగా చెవి పెట్టింది. ఎవరూ కాల్ కట్ చేయలేదు.