నలభై ఒకటో డబ్బా

డబ్బా మూత మూడోసారి బిగించి, చీటీ మీద ఇంటి నంబరు సరిచూసుకుని, ఆమె దాన్ని చల్లపెట్టెలో ఐసు సంచుల మధ్య నిలబెట్టింది. పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే ఏమవుతుందో పని నేర్పిన రోజే చెప్పారు, తర్వాత ఒకసారి అయింది కూడా. ఆ రోజు బస్సులో ఆమె పక్క సీటు చివరి స్టాపు దాకా ఖాళీగానే ఉంది.

వీధిలో అందరూ ఆమెను డబ్బాలక్క అంటారు. సాయంత్రం ఖాళీ డబ్బా ఇచ్చి, మర్నాడు పొద్దున నిండిన డబ్బా తీసుకోవడం ఆమె పని. ఏ జబ్బూ లేని మనుషుల మలాన్ని ల్యాబులో పరీక్షించి, మందులకు లొంగని క్రిములు ఎందరి కడుపుల్లో కాపురం పెట్టాయో చూస్తారు. జబ్బు లేనివాళ్ళ దొడ్డికి ఇంత గిరాకీ ఏమిటక్కా అని అడగని ఇల్లు లేదు. మొదట్లో ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. నాలుగేళ్ళు గడిచేసరికి ఆ సిగ్గంతా డబ్బా ఇచ్చేవాళ్ళకే మిగిలింది. తలుపు సందులోంచి చెయ్యి మాత్రమే చాపేవాళ్ళు కొందరు, నాలుగు కాగితాల్లో చుట్టి ఏదో కానుకలా అందించేవాళ్ళు కొందరు. ఎవరెలా ఇచ్చినా ఆమె మొహం చిట్లించదు. యాభై రెండేళ్ళ మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది. పెట్టె బరువుకి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. రోజుకి పాతికసార్లు సబ్బు పడి చేతులు ఎండిపోయి, వేళ్ళ కణుపుల దగ్గర చీలిపోయాయి.

ఇవాళ ఆమె మనసు మనసులో లేదు. నాలుగింటి బస్సుకి కూతురు వెళ్ళిపోతోంది. అల్లుడికి దూరపు ఊళ్ళో పని దొరికింది. ముందే వెళ్ళి గది చూసుకుని, తల్లీబిడ్డలను రమ్మన్నాడు. మళ్ళీ రావడం ఏడాదికో, రెండేళ్ళకో. పిల్లకి రెండు నెలలు. ఆ పిల్లను ఆమె ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

పొద్దున పనికి బయల్దేరేముందు మంచం పక్కన కాసేపు నిలబడింది. పిల్ల గుప్పిట విప్పి మళ్ళీ మూసింది. టోపీ దారం జారి చెంప మీద పడింది. సరిచేద్దామని ఆమె చెయ్యి సగం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది.

“ముట్టుకుంటే అరిగిపోదులేమ్మా,” అంది కూతురు, బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా. “వీధిలో అందరివీ మోస్తావు. నా కూతురే బరువైందా నీకు?”

“పన్నెండు కొట్టేసరికి వచ్చేస్తా.”

“రా. దూరంగా నిలబడి చూద్దువుగాని.”

ఆ మాట పొద్దుటినుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. జవాబు లేక కాదు. ఆ జవాబు నలభై ఒకటో నంబరు డబ్బాలో ఉంది.

నలభై ఒకటో నంబరు ఇంట్లో ఉండేది దర్జీ. ఒంటరివాడు, మంచివాడు, మహా మొహమాటస్తుడు. మూడు నెలల కిందట అతను డబ్బాను తిరిగిస్తూ, “నేను మూత తియ్యలేదమ్మా, నువ్వూ తియ్యకు,” అన్నాడు. వేళాకోళమనుకుని నవ్వి పెట్టెలో పెట్టుకుంది. ల్యాబు దాకా వెళ్ళాక చూస్తే నిజంగానే ఖాళీ. అది ఆ విడతకి ఆఖరి రోజు. నలభై ఎనిమిది ఇళ్ళలో నలభై ఏడే అయ్యాయంటే ఎందుకు, ఏమిటి అని సంజాయిషీ చెప్పుకోవాలి. జబ్బు లేని మనిషి జబ్బు లేని మనిషే కదా, ఎవరిదైతేనేం అనుకుంది. అక్కడి మరుగుదొడ్డిలోకి వెళ్ళి, ఆ డబ్బా తనే నింపింది.

నెల తర్వాత నలభై ఒకటో ఇంటి కాగితం వచ్చింది. పదకొండు మందుల పేర్లు, తొమ్మిదింటికి ఎదురుగా ఒకే మాట: పనిచేయదు. అది తన కడుపు సంగతని తెలిసే, దాన్ని మడిచి దర్జీకి ఇచ్చింది. ఆ క్రిములను కడుపులో మోసేవాళ్ళకి ఏమీ కాదని, నెలలు నిండని పిల్లల రక్తంలోకి చేరితే మాత్రం మందు దొరకదని శిక్షణలో డాక్టరమ్మ చెప్పగా విన్నది. ఆ వారమే కూతురు మూడు వారాలు ముందుగా ప్రసవించింది. అంతే, చేతులు వీపు వెనక్కి వెళ్ళిపోయాయి. నడుం నొప్పని వంట కూతురికి వదిలేసింది, దగ్గని వేరే గదిలో పడుకుంది. చెబితే ఉద్యోగం పోతుంది. అంతకన్నా, కూతురు తనను చూసి బెదిరి పిల్లను తీసుకుని వెళ్ళిపోతుందేమోనని భయం. దూరం నుంచైనా చూడటం మిగలాలని నోరు మూసుకుంది.

సాయంత్రం ఇవ్వాల్సిన ఖాళీ డబ్బాను ఇవాళ ముందుగానే, పదకొండున్నరకి దర్జీ గుమ్మంలో పెట్టింది. అతను మిషను ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

“పాపకి నేను కుట్టిన టోపీ సరిపోయిందా చెల్లెమ్మా?”

“ఒక్క పూట కూడా తియ్యనివ్వడం లేదన్నయ్యా వాళ్ళమ్మ.”

అతను మురిసిపోయాడు. మిషను సొరుగులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. “సోమవారం నాకు హెర్నియా ఆపరేషను. నువ్విచ్చిన ఈ కాగితం పెద్ద డాక్టరుకి చూపిస్తా. దీన్నిబట్టి మందులు వేస్తారట. అయినా నాకో అనుమానం. డబ్బా ఖాళీగానే ఇచ్చాను కదా, ఇన్ని ఎలా కనిపెట్టారు? మూత మీద నా చెయ్యి తగిలింది, అది చాలిందేమో. సైన్సంటే సైన్సే!”

ఆమెకి నవ్వు రాలేదు. తన కాగితం పట్టుకుని ఈ అమాయకుడు ఆపరేషను బల్ల ఎక్కబోతున్నాడు.

“అది ఒకసారి ఇవ్వన్నయ్యా. పొరపాటు పడింది. సరిచేయించి తెస్తా.”

ఇల్లు కుడివైపు, ల్యాబు ఎడమవైపు. ఆమె కుడివైపు చూస్తూ ఎడమవైపు నడిచింది.

ల్యాబులో డాక్టరమ్మ మీటింగులో ఉంది. పన్నెండయింది, ఒంటిగంటయింది. బెంచీ మీద కూర్చున్న ఆమె రెండుసార్లు లేచింది, రెండుసార్లూ కూర్చుంది. చేతిలో కాగితం లేకపోతే ఎప్పుడో పరుగెత్తేది. మూడున్నర దాటాక లోపలికి పిలిచారు. నిలబడే అంతా చెప్పేసింది, ఒక్క ముక్క దాచకుండా.

“ఎంత తప్పో తెలుసా ఇది?” అంది డాక్టరమ్మ. మొహం ఎర్రబడింది. రిజిస్టరులో నలభై ఒకటో నంబరును ఎర్ర గీతతో కొట్టేసింది. “ఆయనకి నేను ఫోన్ చేస్తాను. మీ సంగతి రేపు మాట్లాడదాం. ఇంట్లో ఎవరెవరున్నారు?”

“కూతురు, మనవరాలు. రెండు నెలల పిల్ల. దాన్ని నేను ముట్టుకోలేదండీ. ఒక్కసారి కూడా.”

డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. “ముట్టుకోవద్దని ఎవరు చెప్పారు?”

“మీరే కదండీ, చిన్నపిల్లలకి ప్రమాదమని...”

“చేతులు కడుక్కోమని చెప్పానమ్మా! సబ్బుతో బాగా కడుక్కుని హాయిగా ఎత్తుకోవచ్చు. ఆ విడత నలభై ఎనిమిదిలో ముప్పై ఒక్క డబ్బాల్లో ఉంది ఈ క్రిమి. నాలోనూ ఉంది. పొద్దున మా వాణ్ణి ఎత్తుకుని ముద్దు పెట్టుకునే వచ్చాను.”

“ఎత్తుకోవచ్చా?”

“వెళ్ళి ఎత్తుకోండి.”

చల్లపెట్టె అక్కడే వదిలేసి, వరండాలో చేతులు కడుక్కుంది. నేర్పినట్టే మోచేతుల దాకా, ఇరవై లెక్కపెట్టి. తుడుచుకోకుండానే పరుగు తీసింది. పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. సందు చివర ఆగి, తడి వేళ్ళతో ఫోన్ చేసింది. రెండోసారికి కూతురు ఎత్తింది.

“ఎక్కడున్నావే?”

“బస్సు కదిలిందమ్మా. చివరిదాకా గుమ్మంలోనే నిలబడి చూశాను.”

“ఆపమనమ్మా. నేనొస్తున్నా. పాపని ఎత్తుకుంటా. చేతులు కడుక్కున్నాను.”

అవతల బస్సు మోత, మధ్యలో పిల్ల సన్నటి గొంతు.

“ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?” అంది కూతురు. తర్వాత ఫోన్ కట్టయింది.

మళ్ళీ ఫోన్ చేయవచ్చు. జరిగిందంతా చెప్పవచ్చు, కూతురు అర్థం చేసుకుంటుంది కూడా. కానీ ఫోన్‌లోంచి పిల్లను ఎత్తుకోవడం కుదరదు. ఆమె మెల్లగా ఇంటికి నడిచింది.

తాళంచెవి ఎప్పుడూ పెట్టే చోటే ఉంది. గదిలో మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. పాల వాసన ఇంకా పోలేదు. ఆమె వెళ్ళి మళ్ళీ చేతులు కడుక్కుంది, ఎందుకో తనకే తెలియదు. పెరటి తలుపు తీసింది. ఉతికిన బట్టలన్నీ కూతురు తీసుకువెళ్ళింది, ఒక్కటి తప్ప. తీగ మీద రెండు క్లిప్పుల మధ్య చిన్న టోపీ, కట్టుకునే దారాలు కిందికి వేలాడుతున్నాయి, అంచు ఇంకా ఆరలేదు.